యౌవనస్తులు దేవుణ్ణి నమ్మడం నేర్చుకోవాలంటే వారితో బైబిలును ఎలా చదవాలి?

ప్రశ్న: ఆదివార పాఠశాల ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

అందరికీ ప్రభువు నామమున వందనములు. మా సంఘంలో 15 నుండి 20 ఏళ్ల వయసున్న యౌవనస్తుల బైబిలు తరగతి బాధ్యతను సంఘం నాకు అప్పగించింది. ఇంటర్మీడియట్, పాలిటెక్నిక్, డిగ్రీ చదివేవారే ఎక్కువ. ఆదివారం ఆరాధన ముగిసి భోజనాలయ్యాక మందిరంలోనే చాపలు పరచుకుని కూర్చుంటాం. వీరిలో చాలామంది చిన్నప్పటి నుండి ఆదివార పాఠశాలకు, వేసవి సెలవుల్లో వి.బి.ఎస్.కు (సెలవుల బైబిలు పాఠశాలకు) వచ్చినవారే కాబట్టి కంఠత వాక్యాలు తడుముకోకుండా చెబుతారు. బైబిలు క్విజ్ పెడితే న్యాయాధిపతుల పేర్లు వరుసగా అప్పగిస్తారు. అయితే కష్టం వచ్చిన రోజున ఆ వాక్యాలు వారికి నిజంగా ఆధారమవుతున్నాయా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

అందుకు కారణం చెబుతాను. మా తరగతిలో ఇంటర్ రెండో సంవత్సరం చదివే ఒక అబ్బాయికి డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసిన వాగ్దాన కార్డుగా ద్వితీయోపదేశకాండము 28:13 వచ్చింది: "యెహోవా నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు." ఆ కార్డును పాఠ్యపుస్తకంలో పెట్టుకుని, ఉపవాసముండి ప్రార్థించి, కష్టపడి చదివి పరీక్షలు రాశాడు. ఫలితాల్లో రెండు సబ్జెక్టులు తప్పాయి. ఆ తరువాతి ఆదివారం తరగతిలో అందరి ముందు, "వాగ్దానం నా చేతికే వచ్చింది కదా, మరి మాట తప్పింది నేనా, దేవుడా?" అని అడిగాడు. ఆ అడగడంలో ధిక్కారం ఏమీ లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. మిగిలినవారు మౌనంగా ఉండిపోయారు, కానీ వారి ముఖాలు చూస్తే ఆ ప్రశ్న అతనొక్కడిదే కాదని తెలుస్తోంది. అప్పటి నుండి ఆ అబ్బాయి తరగతికి రావడం లేదు.

"దేవుని చిత్తం వేరుగా ఉంది, విశ్వాసం విడువకు" అని ఒక్క మాటతో సరిపెట్టడం నాకు ఇష్టం లేదు. దేవుని నమ్మడం అంటే ఏమిటో ఈ పిల్లలు లేఖనాల నుండే, తామే చదివి గ్రహించాలని కోరుతున్నాను. ఏ భాగంతో మొదలుపెట్టాలి, ఎలా నడిపించాలి, ఇలాంటి ప్రశ్నలను తరగతిలో ఎంతవరకు రానివ్వాలి అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.


జవాబు 1: విశ్రాంత సంఘకాపరి, గుంటూరు

ప్రియ సహోదరునికి వందనములు. ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న చాలా మంచిది. అది పెద్దలకు కూడా ఉన్న ప్రశ్నే. వారు పైకి చెప్పరు, అతడు చెప్పాడు. కనుక ముందుగా ఆ ప్రశ్నను అతడు ఎత్తి చూపిన అధ్యాయంలోనే వెదకడం న్యాయమని నా అభిప్రాయం.

ద్వితీయోపదేశకాండము 28ని మొదటి వచనం నుండి చివరి వచనం వరకు తరగతిలో గట్టిగా చదివించండి. మోయాబు మైదానంలో, కనానులో అడుగుపెట్టబోతున్న ఒక జనాంగంతో దేవుడు చేసిన నిబంధనలోని మాటలవి. వాన, పంట, పశువుల మంద, శత్రువులతో యుద్ధం, అన్యజనులకు అప్పివ్వడం వంటి విషయాలు అక్కడ ఉన్నాయి. "నీవు నీ దేవుడైన యెహోవా మాట శ్రద్ధగా వినినయెడల" అన్న షరతు మొదటి వచనంలోనే ఉంది. 15వ వచనం నుండి 68వ వచనం వరకు శాపాలున్నాయి, 44వ వచనంలో తల, తోక తారుమారవుతాయి కూడా. ఈ అధ్యాయం మొత్తం చదివిన పిల్లవాడు, ఇది ఇంటర్ పరీక్షల గురించి తనకు వ్యక్తిగతంగా ఇచ్చిన హామీ కాదని మీరు చెప్పకుండానే గ్రహిస్తాడు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. "అయితే నాకు వచ్చింది శాపమా?" అని అతడు అనుకోవచ్చు. పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి శిష్యులు, ఎవడు పాపము చేసెనని అడిగినప్పుడు యేసు ఆ లెక్కనే తోసిపుచ్చిన సంగతిని, అంటే యోహాను 9:1-3ను, అదే రోజు తప్పక చదవండి.

ఆ తరువాత యిర్మీయా 28, 29 అధ్యాయాలను కలిపి చదివించండి. మన ఇళ్లలో గోడ క్యాలెండర్ల మీద యిర్మీయా 29:11 కనిపించని ఊరు ఉండదు. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట అందరికీ తెలుసు, కానీ దానికి ముందున్న 10వ వచనం చాలామందికి తెలియదు. యెరూషలేము నుండి బబులోనుకు చెరగా వెళ్లినవారికి యిర్మీయా రాసిన ఉత్తరమది. బబులోనులో 70 సంవత్సరాలు గడిచిన తరువాతే దేవుడు వారిని తిరిగి రప్పిస్తానన్నాడు. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవారిలో అత్యధికులు యెరూషలేమును మళ్లీ చూడకుండానే చనిపోయి ఉంటారు. అయినా 5వ వచనం నుండి వారికి వచ్చిన ఆజ్ఞ ఏమిటి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. దీనికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలోనే అన్నీ తిరిగి వస్తాయని యెహోవా పేరిట ప్రకటించాడు. యిర్మీయా కూడా అతనితో "ఆమేన్" అన్నాడు, అలా జరిగితే బాగుండునని నిజంగానే కోరుకున్నాడు. కానీ ఆ మాట దేవునిది కాదు. రెండు సంవత్సరాల మాట, 70 సంవత్సరాల మాట రెండూ ఒకేసారి మీ చెవిన పడితే మీరు దేనిని నమ్మి ఉండేవారని మీ పిల్లలను అడగండి. వారిని తొందరపెట్టకుండా జవాబు కోసం వేచి ఉండండి. నా అనుభవంలో యౌవనస్తులు ఈ ప్రశ్నకు చాలా నిజాయితీగా జవాబు చెబుతారు, ఆ జవాబు నుండే అసలు పాఠం మొదలవుతుంది.

ఇక వరుసగా చదవడానికి ఒక పెద్ద భాగం కావాలంటే ఆదికాండము 37 నుండి 50 వరకు ఉన్న యోసేపు చరిత్ర కంటే తగినది మరొకటి లేదు. కథ మొదలైనప్పుడు అతనికి 17 ఏళ్లు, అంటే మీ పిల్లల వయసే. ఫరో ముందు నిలిచేటప్పటికి 30 ఏళ్లు. మధ్యలోని 13 సంవత్సరాలు ఎలా గడిచాయో నెమ్మదిగా చూడాలి. ఆదివార పాఠశాలలో మనం ఈ కథను రంగురంగుల అంగీ నుండి సింహాసనం వరకు ఒకే గంటలో చెప్పేస్తాం కాబట్టి పిల్లలకు అందులోని ఎదురుచూపు తెలియదు. అబ్రాహాముతో, ఇస్సాకుతో, యాకోబుతో మాట్లాడిన దేవుడు యోసేపుతో నేరుగా మాట్లాడినట్లు ఈ అధ్యాయాల్లో ఎక్కడా రాయబడలేదు. చిన్ననాటి రెండు కలలు తప్ప అతని చేతిలో ఏమీ లేదు. అయినా 39వ అధ్యాయం "యెహోవా యోసేపునకు తోడైయుండెను" అని అతడు బానిసగా ఉన్నప్పుడు చెబుతుంది, చెరసాలలో వేయబడ్డాక మళ్లీ అదే చెబుతుంది. దేవుడు తోడుగా ఉండడమూ, చెరసాల తలుపు మూసి ఉండడమూ ఒకే అధ్యాయంలో, ఒకే మనిషి విషయంలో నిజమైనాయి. మీ అబ్బాయి ప్రశ్నకు నేను చూపించగల అతి దగ్గరి లేఖనం ఇదే.

ఒక సలహా. 40వ అధ్యాయం చివరి వచనం, "అయితే పానదాయకుల అధిపతి యోసేపును జ్ఞాపకము చేసికొనక అతని మరచిపోయెను" అన్న చోట ఆ వారం పాఠం ఆపేయండి. తరువాతి కథ అందరికీ తెలుసు, అయినా చెప్పవద్దు. 41వ అధ్యాయం "రెండేండ్లు" అన్న మాటతో మొదలవుతుంది. ఆ రెండేళ్లలో యోసేపు ఏమని ప్రార్థించి ఉంటాడో ఒక పుట రాసి తీసుకురమ్మని చెప్పండి. ఎవరినీ చదివి వినిపించమని బలవంతపెట్టవద్దు. 45వ అధ్యాయంలో అన్నలను క్షమించిన మాటల వరకు, 50:20 వరకు చేరేటప్పటికి ఆ మాటల బరువు వారికి తెలిసి ఉంటుంది.


జవాబు 2: సంఘ పెద్ద, ఖమ్మం

అయ్యగారి వివరణ పట్ల గౌరవంతోనే ఒక మాట చెప్పదలచాను. యౌవనస్తులను ప్రశ్నలు అడగనివ్వడం మంచిదే గాని, ప్రశ్నలతోనే తరగతి నిండిపోతే విశ్వాసం ఎప్పుడు పుడుతుంది? ఈ రోజుల్లో పిల్లల ఫోనులోకి అనుమానాలు పుట్టించే మాటలు రోజూ వస్తూనే ఉన్నాయి. సంఘంలోనైనా వారికి స్థిరమైన మాట వినబడాలి. కంఠత వాక్యాలను తక్కువ చేయవద్దు. మన ప్రభువు అరణ్యంలో శోధింపబడినప్పుడు ప్రతిసారీ "అని వ్రాయబడియున్నది" అంటూ ద్వితీయోపదేశకాండము వచనాలతోనే జవాబిచ్చాడు. తిమోతి బాల్యము నుండి పరిశుద్ధ లేఖనములను ఎరిగినవాడని పౌలు రాశాడు. అవ్వ లోయి, తల్లి యునీకే నేర్పిన ఆ లేఖనాలే అతనికి ఆధారమయ్యాయి. ఆసుపత్రిలో మంచం మీద ఉన్నవాడికి అధ్యాయం తెరిచి సందర్భం చూసుకునే ఓపిక ఉండదు, గుండెలో ఉన్న వచనమే పనికివస్తుంది.

మన పెద్దలలో చాలామందికి అక్షరం ముక్క రాదు. వాక్యం విన్నారు, నమ్మారు, పాటలుగా పాడుకున్నారు, ఎన్ని కష్టాలు వచ్చినా విడిచిపెట్టలేదు. మన పిల్లలకు ఆ నమ్మకం కావాలి. ఉపవాస ప్రార్థనలు, సాక్ష్యాలు, కంఠత వాక్యాలు తగ్గించి చర్చలు పెంచితే వారికి తెలివి పెరుగుతుందేమో గాని భక్తి పెరుగుతుందని నాకు అనిపించడం లేదు.


జవాబు 3: విద్యార్థి సహవాస కార్యకర్త, హైదరాబాదు

పెద్దాయన చెప్పినదానిలో సగం నేను పూర్తిగా అంగీకరిస్తాను. కంఠత వాక్యం లేని యౌవనస్తుడు కష్టకాలంలో చేతులు ఖాళీగా నిలబడతాడు. అయితే వారు చూపించిన మత్తయి 4వ అధ్యాయంలోనే మరొక సంగతి కూడా ఉంది. శోధకుడు కూడా అక్కడ వాక్యమే ఎత్తాడు. అతడు చెప్పినది 91వ కీర్తన, దేవుడు తన దూతలకు ఆజ్ఞాపిస్తాడన్న వాగ్దానం. దేవాలయ శిఖరం మీద నుండి దూకి ఆ వాగ్దానాన్ని నిజం చేయించుకో అన్నాడు. ప్రభువు "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అని జవాబిచ్చాడు. కాబట్టి వచనం నోటికి రావడంతోనే సరిపోదు, ఆ వచనంతో దేవుని ఎదుట ఎలా నిలబడుతున్నాం అన్నది కూడా నేర్పాలి. మాట ఇచ్చిన దేవుని మీద ఆనుకోవడం వేరు, ఆ మాటను పట్టుకుని ఫలానా తేదీలోగా ఫలానా ఫలితం చూపించమని ఆయనను పరీక్షించడం వేరు. మన పిల్లలకు రెండోదే నమ్మకమని అలవాటు చేసే ప్రమాదం ఉంది.

ప్రశ్నల విషయానికి వస్తే, కళాశాల ఆవరణల్లో విద్యార్థులే నడుపుకునే చిన్న బైబిలు పఠన గుంపుల పద్ధతి మన దేశంలో చాలాకాలంగా ఉంది, యు.ఇ.ఎస్.ఐ. అనే క్రైస్తవ విద్యార్థి సంస్థ 1954లో ఆరంభమైనప్పటి నుండి ఇలాంటి గుంపులే దాని పనికి కేంద్రం. ఆ పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. ఆరేడుగురు ఒక భాగాన్ని రెండుసార్లు చదువుతారు. మొదట వచనంలో ఏముందో మాత్రమే చూస్తారు: ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఎక్కడ, ఏ మాట మళ్లీ మళ్లీ వస్తోంది అని. దానికే చాలా సమయం ఇవ్వాలి, ఎందుకంటే తెలిసిన కథ అనుకుని పిల్లలు చూపు పరుగెత్తిస్తారు. తరువాత ఆ మాటలు ఆనాటి వారికి ఏమని వినిపించాయో ఆలోచిస్తారు. అన్వయం చివర వస్తుంది. నడిపించేవాడు తక్కువ మాట్లాడాలి. ఒక ప్రశ్న వేశాక అర నిమిషం మౌనం వస్తే మనకు కంగారుగా ఉంటుంది, వెంటనే జవాబు మనమే చెప్పేస్తాం. ఆ మౌనాన్ని ఉండనివ్వాలి.

ఒక ఉదాహరణగా మార్కు 4:35-41 తీసుకోండి. తుఫాను ఎప్పుడు వచ్చింది అని అడగండి. "అద్దరికి పోవుదము" అని ప్రభువే చెప్పాక, ఆయన మాట విని పడవ ఎక్కినవారికే తుఫాను వచ్చింది. యోనా తుఫానులా అవిధేయత వల్ల వచ్చినది కాదు. ఈ ఒక్క గమనింపు మా గుంపులో ఇంజనీరింగ్ చదివే పిల్లలను గంటసేపు మాట్లాడించింది. శిష్యుల ప్రార్థన ఎలా ఉందో కూడా చూడండి: మేము నశించిపోతున్నాం, నీకు చింత లేదా అని అడిగారు. అది చక్కని ప్రార్థన కాదు, దాదాపు నింద. ప్రభువు వారి విశ్వాసలేమిని గద్దించాడు గాని, గద్దించడానికి ముందే గాలిని ఆపాడు. ఆ క్రమాన్ని పిల్లలు వచనాల్లో తామే కనిపెట్టాలి.

దానియేలు 3:17-18ను కూడా విడువవద్దు. రాజు అగ్నిగుండంలో వేయిస్తానన్న ఆ ముగ్గురు యువకులు మా దేవుడు రక్షించుటకు సమర్థుడు అన్నారు, ఆ వెంటనే "ఆయన రక్షింపకపోయినను" అన్నారు. మన సాక్ష్యాల్లో మొదటి వాక్యమే తరచుగా వింటాం, రెండోది అరుదుగా వింటాం. సంఘంలో సాక్ష్యం చెప్పే సమయంలో ఉద్యోగం వచ్చినవారు, జబ్బు తగ్గినవారు మాత్రమే లేస్తే, ఉద్యోగం రాని, జబ్బు తగ్గని యౌవనస్తుడు తన విశ్వాసంలోనే ఏదో లోపముందని తీర్మానించుకుంటాడు. జబ్బు తగ్గకపోయినా ప్రభువును హత్తుకుని ఉన్న ఒక పెద్దావిడను మీ తరగతికి పిలిచి మాట్లాడించండి. పౌలు మూడుసార్లు వేడుకున్నా, శరీరములో ముల్లు అని అతడు చెప్పిన బాధ తొలగలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట మాత్రమే వచ్చింది.


జవాబు 4: నర్సు, స్త్రీల సమాజ సభ్యురాలు, భీమవరం

అందరికీ వందనాలు. పాఠం గురించి పెద్దలు చక్కగా చెప్పారు. నాకు ముందుగా ఆ అబ్బాయి గుర్తొస్తున్నాడు.

బ్రదర్ గారూ, దయచేసి ఈ వారమే అతని ఇంటికి వెళ్లండి. బైబిలు తీసుకువెళ్లండి గాని వెంటనే తెరవవద్దు. 1 రాజులు 19లో ఏలీయా బదరీవృక్షం క్రింద చావు కోరుకున్నప్పుడు దేవుడు మొదట దూత చేత రొట్టె, నీళ్లు పంపించాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. ఏలీయాకు ప్రశ్న వేసింది ఆ తరువాత, హోరేబులో. ఫలితాల తరువాత పిల్లలు సరిగా తినరు, పడుకోరు, బంధువుల ఫోనులకు భయపడతారు. మేము ఆసుపత్రిలో ప్రతి ఏడాదీ ఆ రోజుల్లో చూస్తాం. తండ్రితో మాట్లాడండి, సప్లిమెంటరీ పరీక్షకు ఫీజు కట్టారా, ఆ రెండు సబ్జెక్టులు చెప్పేవారు ఎవరైనా సంఘంలో ఉన్నారా కనుక్కోండి. అతని మాటల్లో బతకాలని లేదన్న సూచన ఏ మాత్రం కనిపించినా ప్రార్థనతో పాటు వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. దీన్ని అవిశ్వాసంగా ఎవరూ భావించకూడదు.

తరగతి విషయంలో నా సూచన ఒక్కటే. పిల్లలకు కీర్తనలను ప్రార్థించడం నేర్పండి, అందులో విలాపం చేసే కీర్తనలను తప్పించకండి. మనకు 23, 91, 121 కీర్తనలు నోటికి వచ్చు. 13వ కీర్తన ఎంతమందికి వచ్చు? "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. ఆరే వచనాలు. చివరికి దావీదు దేవుని కృపయందు నమ్మిక ఉంచానంటాడు, కానీ ఆ మధ్యలో అతని పరిస్థితి మారినట్లు ఎక్కడా లేదు. 88వ కీర్తన అయితే చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, ఓదార్పు వాక్యం ఒక్కటీ చివర రాదు. అలాంటి ప్రార్థనను దేవుడు తన గ్రంథంలో ఉంచాడంటే, ఆయన ఎదుట అలా ఏడ్చేవారిని ఆయన తన పిల్లలుగానే లెక్కపెడుతున్నాడని అర్థం. ఆ అబ్బాయి దేవుణ్ణి విడిచిపెట్టలేదు, ఆయనను అడుగుతున్నాడు. ఆ అడగడాన్ని ప్రార్థనగా మార్చే మాటలు ఈ కీర్తనల్లో ఉన్నాయి. సంఘ పెద్దగారు చెప్పిన కంఠత వాక్యాల జాబితాలో 13వ కీర్తన మొత్తం చేర్చితే ఇద్దరి మాటా నెరవేరుతుంది.


జవాబు 5: విశ్రాంత సంఘకాపరి, గుంటూరు

సహోదరి మాటలకు నేను చేర్చగలిగింది ఏమీ లేదు. ముందు ఆ ఇంటికి వెళ్లడమే సరైనది.

ఖమ్మం సహోదరులు మన పెద్దల విశ్వాసాన్ని గుర్తుచేశారు కాబట్టి, ప్రశ్న వేసినవారిది ప్రకాశం జిల్లా కాబట్టి, ఒంగోలు చరిత్రలోని ఒక సంగతిని ఇక్కడ రాయడం అవసరమనిపించింది. దాన్ని ఆ యౌవనస్తులకు కూడా చెప్పాలి. 1876-78 మధ్య దక్షిణ భారతమంతటా ఘోరమైన కరువు వచ్చింది. ఒంగోలులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆకలితో ఉన్నవారికి కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. పని చేసేవారు పగలు మట్టి మోసి, విశ్రాంతి వేళల్లో సువార్త విన్నారు. వేలమంది బాప్తిస్మం కావాలని అడిగినా, కరువు సహాయం సాగినంత కాలం ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, తిండి కోసం ఎవరూ చేరకూడదన్నది ఆయన ఉద్దేశం. సహాయం ఆగిపోయింది, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని తెలిసిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

వారిలో అత్యధికులు అంటరానివారిగా చూడబడిన మాదిగ కుటుంబాలవారు. చదువు రాదు, చేతిలో గ్రంథం లేదు, కరువు ఇంకా కళ్ల ముందే ఉంది. ఇవ్వడానికి ఏమీ లేని సమయంలో వారు ప్రభువును నమ్మారు. ఖమ్మం సహోదరులు కోరే స్థిరమైన విశ్వాసమూ, హైదరాబాదు సహోదరుడు చెప్పిన "ఆయన రక్షింపకపోయినను" అన్న మాటా వారిలో కలిసి ఉన్నాయి. మీ తరగతిలో కూర్చునే పిల్లల్లో కొందరు ఆ కుటుంబాల సంతానమే అయి ఉండవచ్చు. వారి ముత్తాతల కథను హబక్కూకు 3:17-18తో కలిపి చెప్పండి. అంజూరపు చెట్లు పూయకపోయినా, చేనిలో పైరు పండకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా యెహోవాయందు ఆనందిస్తానన్న ప్రవక్త మాట, కరువు చూసిన కుటుంబాల పిల్లలకు పుస్తకంలోని మాటగా ఉండిపోదు.


జవాబు 6: సంఘ పెద్ద, ఖమ్మం

అయ్యగారూ, ఈ చరిత్ర నేను వినలేదు. చెప్పినందుకు కృతజ్ఞతలు. పిల్లలు ప్రశ్నలు అడిగేటప్పుడు పెద్దలు కూడా ఒకరిద్దరు అక్కడ కూర్చుని వినాలని మాత్రం నా మనవి. వారి ప్రశ్నలు వారి మధ్యనే తిరుగుతూ ఉండిపోకూడదు, దుఃఖం అనుభవించిన విశ్వాసుల ముఖాలు కూడా వారికి కనిపించాలి. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అన్న మార్కు 9:24లోని తండ్రి ప్రార్థనను నేను మా మనుమలకు ఈ వారం కంఠతగా నేర్పుతాను.


ప్రశ్న అడిగినవారు: ఆదివార పాఠశాల ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

మీ అందరి ప్రేమకు కృతజ్ఞతలు. సిస్టర్ గారు చెప్పినట్లే నిన్న సాయంత్రం ఆ అబ్బాయి ఇంటికి వెళ్లాను. వారి అమ్మ అన్నం పెట్టారు, పరీక్ష ఫీజు కట్టే విషయం మాట్లాడుకున్నాం. మా సంఘంలో లెక్కలు చెప్పే మాస్టారు ఒకరు రోజూ గంట కూర్చోబెడతానన్నారు. వచ్చేటప్పుడు ఆ అబ్బాయే 13వ కీర్తన ఒకసారి చదవమన్నాడు. చదివాను, వివరించలేదు.

యోసేపు చరిత్రతో తరగతి మొదలుపెట్టాలని నిర్ణయించాం. తరగతిని మూడు చిన్న గుంపులుగా చేసి, ప్రతి గుంపుతో ఒక పెద్దవారిని కూర్చోబెడతాం. ఇంకొక్క సందేహం ఉంది. డిసెంబరు 31 వాగ్దాన కార్డులను ఏం చేయాలి? మా సంఘంలో ఆ ఆచారం చాలా ప్రియమైనది, దానిని ఆపమంటే పెద్దలు బాధపడతారు, ఆపాలని నాకూ లేదు. ఉంచుతూనే దానిని పిల్లలకు మేలుగా ఎలా మార్చగలం?


జవాబు 7: విశ్రాంత సంఘకాపరి, గుంటూరు

ఆపవద్దు. సంవత్సరమంతా ఒక వచనాన్ని దగ్గర పెట్టుకోవడం మంచి అలవాటు. కార్డు తయారుచేసేటప్పుడే కొంత శ్రద్ధ తీసుకోండి. వచనం కింద "ఈ అధ్యాయం మొత్తం చదవండి" అని ముద్రించండి. జనవరి ఆదివారాల్లో యౌవనస్తులు తమ కార్డులు తెచ్చుకుని, తమ వచనం ఎవరితో చెప్పబడింది, దానికి ముందూ తరువాతా ఏముంది, క్రీస్తులో అది మనకు ఎలా వర్తిస్తుంది అన్నది కూర్చుని చూడాలి. కొన్ని వచనాలు ఒక జనాంగానికి ఒక కాలంలో ఇవ్వబడినవని, కొన్ని విశ్వాసులందరికీ ఇవ్వబడినవని ఆ నెలలోనే వారికి తెలిసిపోతుంది.

కార్డుల ఎంపికలో కూడా కొంత మార్పు చేయవచ్చు. ఐశ్వర్యం, విజయం గురించిన వచనాలతో పాటు మత్తయి 28:20, యోహాను 16:33, 2 కొరింథీయులకు 12:9, యెషయా 43:2 వంటివి చేర్చండి. యెషయా 43:2లో జలములలో నడిచేటప్పుడు, అగ్నిమధ్య నడిచేటప్పుడు తోడుంటానన్నాడు గాని, జలాలూ అగ్నీ ఎదురుపడవని అనలేదు. రోమీయులకు 8:28 వచ్చినవారు ప్రతి సంవత్సరం ఎక్కువమందే ఉంటారు. వారిని అక్కడ ఆపవద్దు. శ్రమ, బాధ, హింస, కరవు, వస్త్రహీనత, ఉపద్రవం, ఖడ్గం అని పౌలు వరుసగా పేర్లు చెప్పిన 35వ వచనం వరకు, అక్కడి నుండి 39 వరకు చదివించండి. "సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అన్న మాటను పౌలు ఏ పరిస్థితుల మధ్య చెబుతున్నాడో అప్పుడు వారికి తెలుస్తుంది.

యోసేపు పాఠాలు ఎలా సాగుతున్నాయో వీలైనప్పుడు ఇక్కడ రాయండి. 39వ అధ్యాయాన్ని ఒకే వారంలో ముగించాలని చూడవద్దు, రెండు వారాలు పడుతుంది.